విమాన ఇంజిన్ టెస్ట్ సెల్ షట్‌డౌన్ పనులు: తరచుగా అడిగే ప్రశ్నలు

విమాన ఇంజిన్లను నడిపి పరీక్షించే గదే టెస్ట్ సెల్. దాన్ని ఆపి బాగుచేసే కాలమే షట్‌డౌన్. దానికి మొదటిసారి వచ్చేవాళ్లు, సైట్ ఇంజినీరైనా వెల్డరైనా, కాస్త అటూ ఇటూగా ఇవే ప్రశ్నలు అడుగుతారు. కొన్నింటికి జవాబు పెద్దది, కొన్నింటికి రెండు మాటలు చాలు.

టెస్ట్ సెల్ అంటే మందపాటి గోడల గదే కదా, దాన్ని బాగు చేయడానికి ఇంత హడావుడి ఎందుకు?

చూడటానికి గదే, కానీ అది కొలిచే పరికరం. తక్కెడ లాంటిది. ఇంజిన్ ఎంత థ్రస్ట్ (ముందుకు తోసే బలం) ఇస్తోంది, ఎంత ఇంధనం తాగుతోంది, ఎంత వేడెక్కుతోంది అన్నది ఈ గది చెప్పిన అంకెల్ని బట్టే తేలుతుంది. ఆ అంకెలు నమ్మి ఇంజిన్‌ను విమానం రెక్క కింద బిగిస్తారు.

లోపల ఏం జరుగుతుందో ఒకసారి ఊహించుకోండి. ముందు వైపు ఇన్లెట్ స్టాక్ అనే ఎత్తైన దారి నుంచి గాలి దిగుతుంది. శబ్దాన్ని మింగే బాఫిల్స్ మధ్య నుంచి, జాలీలోంచి వచ్చి ఇంజిన్ ముందు గంట నోరులా విచ్చుకుని ఉండే బెల్‌మౌత్‌లోకి పోతుంది. వెనక ఇంజిన్ వదిలే జెట్ ఒక పెద్ద గొట్టంలోకి దూసుకెళ్తుంది. దాన్నే ఆగ్మెంటర్ అనీ డీట్యూనర్ అనీ అంటారు. ఆ జెట్ తన వెంట చుట్టుపక్కల గాలిని కూడా లాక్కుపోతుంది. అంటే ఇంజిన్ పీల్చే గాలి కాకుండా, దాని పక్కల నుంచి కూడా గాలి గట్టిగా పారుతుంటుంది. ఆ ప్రవాహం వల్ల, ఇంజిన్‌ను మోసే స్టాండ్ మీద కొలిచిన థ్రస్ట్, ఆరుబయట కొలిచినదాని కన్నా తక్కువ వస్తుంది. అందుకే ప్రతి సెల్‌కీ దానిదే అయిన దిద్దుబాటు లెక్క ఒకటి ఉంటుంది. గోడకి కొత్తగా ఒక నిచ్చెన బిగించినా, డీట్యూనర్ నోటిని కాస్త వెనక్కి జరిపినా ఆ లెక్క కదలొచ్చు.

బలాల సంగతి చెప్పాలంటే, 2017లో జీఈ9ఎక్స్ ఇంజిన్ ఒక పరీక్షలో 1,34,300 పౌండ్ల థ్రస్ట్ ఇచ్చింది. దాదాపు 61 టన్నుల బరువుకి సమానమైన తోపు అది. రోల్స్ రాయిస్ 2021లో ఇంగ్లండ్‌లోని డెర్బీలో తెరిచిన టెస్ట్‌బెడ్ 80 కాంక్రీట్ గోడల మందం 1.7 మీటర్లు. ఇంత బలం మధ్య అర శాతం తేడాను పట్టుకోవాలి. అందుకే ఇక్కడ తాపీపని కూడా కొలత పనే అంటాను.

టెస్టుల మధ్య ఖాళీల్లో కొంచెం కొంచెంగా చేసుకుంటే సరిపోదా?

కొన్ని అలాగే చేస్తాం. ఫిల్టర్లు, లైట్లు, పాడైన ట్రాన్స్‌మిటర్ ఒకటో రెండో. కానీ డీట్యూనర్‌లోకి మనుషులు దిగాలన్నా, ఇంధనం లైన్ కోయాలన్నా సెల్ మొత్తాన్ని ఐసోలేట్ చేయాలి, అంటే లోపలికి వచ్చే ఇంధనం, కరెంటు లాంటివన్నీ కట్ చేయాలి. పైగా గాలి దారినో కొలత వ్యవస్థనో ముట్టుకున్న ప్రతిసారీ సెల్ లెక్క మళ్లీ సరిచూసుకోవాలి. ఆరు మార్పులకి ఆరుసార్లు కన్నా, అన్నీ కలిపి ఒక్కసారి సరిచూసుకోవడం మేలు.

షట్‌డౌన్‌కి ముందు ఎట్టి పరిస్థితుల్లోనూ వదిలేయకూడని పని ఏది?

ఆఖరి రన్. ఇది నేను చాలా గట్టిగా చెప్తాను. మీకు బాగా తెలిసిన, నిలకడగా నడిచే ఇంజిన్ ఒకటి ఎక్కించి, ఐడిల్ (ఇంజిన్ అతి తక్కువ వేగంతో ఊరికే తిరిగే స్థితి) నుంచి టేకాఫ్ పవర్ దాకా మెట్లు మెట్లుగా నడిపి మొత్తం డేటా తీసి పెట్టుకోండి. సెల్ లోపలి ఒత్తిడి బయటి గాలికన్నా ఎంత తగ్గుతోంది, ఇంజిన్ ముందు గాలి ఉష్ణోగ్రత అన్ని మూలలా ఒకేలా ఉందా, స్టాండ్ వైబ్రేషన్ ఎంత, ఇవి కూడా రాసుకోండి. థ్రస్ట్ కాలిబ్రేషన్ (తెలిసిన బలం పెట్టి, కొలత సరిగ్గా చూపిస్తోందా అని సరిచూడటం) కూడా ఏమీ సవరించకుండా, ఉన్నది ఉన్నట్టుగా ఒకసారి చేయండి.

ఎందుకంటే షట్‌డౌన్‌లో ఒకేసారి పది మార్పులు చేస్తాం. తర్వాత అంకె తేడా వస్తే దేనివల్ల వచ్చిందో చెప్పేది ఆ పాత డేటా ఒక్కటే. "సెల్ బాగానే ఉంది, ఆ రెండు రోజులు మిగుల్చుకుందాం" అని మేనేజర్లు అంటుంటారు. మిగుల్చుకోవద్దు. ఫోటోలు కూడా తీయండి. ఏ గొట్టం ఎటు నుంచి వెళ్లింది, ఏ క్లాంప్ ఎక్కడుంది, బెల్‌మౌత్ నుంచి జాలీకి దూరమెంత, అన్నీ.

ప్లానింగ్ ఎంత ముందు మొదలుపెట్టాలి?

ఆలస్యంగా వచ్చే సామాను ఏదో చూసుకుని, అక్కడి నుంచి వెనక్కి లెక్కపెట్టండి. కొలతకు చేయించే స్టెయిన్‌లెస్ గొట్టాలు, బలాన్ని కొలిచే లోడ్ సెల్స్, పెద్ద వాల్వులు ఆర్డర్ ఇవ్వగానే రావు. సామాను గేటు లోపలికి రాకుండా సెల్ ఆపకండి.

మొదటి రోజు ఏం జరుగుతుంది?

బయటివాళ్ల కంటికి ఏమీ జరిగినట్టు ఉండదు. ఎవరూ ఏమీ విప్పరు. ఇంధనం, హైడ్రాలిక్స్, స్టార్టర్ గాలి, కరెంటు, మంటలార్పే వ్యవస్థ, ఇలా సెల్‌లోకి వచ్చే ప్రతి శక్తికీ తాళం పడుతుంది. ఎవరి తాళం వాళ్లదే, ఎవరి తాళంచెవి వాళ్ల జేబులోనే. ఇంధనం లైన్లు ఖాళీ చేసి, వాల్వు మూశామన్న భరోసాతో ఆగకుండా, గొట్టాన్ని పూర్తిగా మూసేసే బ్లైండ్ ప్లేట్లు వేస్తాం. వాల్వు కారొచ్చు, ప్లేటు కారదు.

జెట్ ఏ1 కిరోసిన్ లాంటిది, పెట్రోల్‌లా గుప్పున అంటుకోదన్న ధీమా కొందరికి ఉంటుంది. దాని ఫ్లాష్ పాయింట్, అంటే ఆవిరి అంటుకోగల వేడి, కనీసం 38 డిగ్రీలు, నిజమే. కానీ ఎండకు కాగిన ఇనుప గొట్టం ఆ వేడిని తేలిగ్గా దాటుతుంది. గ్రైండర్ రవ్వల సంగతి చెప్పనక్కర్లేదు. డ్రెయిన్ గుంటల్లో, డీట్యూనర్ అడుగున, శబ్దం పీల్చే దూది ప్యానెళ్లలో పాత ఇంధనం ఇంకి ఉంటుంది. గ్యాస్ టెస్ట్ అక్కడ చేయాలి, తలుపు దగ్గర కాదు. ఆక్సిజన్ 19.5 నుంచి 23.5 శాతం మధ్య ఉంటేనే లోపలికి మనిషి వెళ్లాలి. భోజనం చేసి వచ్చాక మళ్లీ టెస్ట్ చేయాలి.

ఇంకొకటి. చాలా సెల్స్‌లో మంటలార్పడానికి కార్బన్ డయాక్సైడ్ నింపే ఏర్పాటు ఉంటుంది. అది పనిచేయాలంటే గాలిలో కనీసం 34 శాతం గ్యాస్ నిండాలి. 10 శాతం దాటితేనే మనిషి నిమిషాల్లో స్పృహ తప్పుతాడు. వెల్డింగ్ పొగ డిటెక్టర్‌కి తగిలితే ఆ గ్యాస్ వదిలే ప్రమాదం ఉంది. కాబట్టి లోపల మనుషులున్నంతసేపూ ఆ వ్యవస్థను ప్యానెల్‌లో ఆఫ్ చేస్తే చాలదు, గ్యాస్ కదలకుండా యాంత్రికంగా అడ్డుకట్ట వేసి తాళం పెట్టాలి. బదులుగా ఫైర్ వాచ్ మనిషి, హోస్, ఎక్స్‌టింగ్విషర్లు ఉండాలి. దీంట్లో రాజీ లేదు.

పాత హాలాన్ వ్యవస్థ ఉంటే ఏం చేయాలి?

హాలాన్ మంటలార్పే గ్యాస్, కానీ ఓజోన్ పొరను దెబ్బతీస్తుంది. ఆ పొరను కాపాడే మాంట్రియల్ ఒప్పందం కింద అభివృద్ధి చెందిన దేశాల్లో దాని తయారీ 1994 మొదట్లోనే ఆగిపోయింది. ఇంకా ఉంటే మార్చుకోవడానికి ఈ షట్‌డౌనే సరైన సమయం. సిలిండర్లను గాలిలోకి వదిలేయకుండా తిరిగి సేకరించేవాళ్లకి అప్పగించండి.

ఎగ్జాస్ట్ వైపే పని ఎప్పుడూ ఎక్కువ వస్తుంది, ఎందుకు?

వేడీ, మోతా రెండూ అక్కడే కాబట్టి. ఇంజిన్ స్టార్ట్ అయిన ప్రతిసారీ డీట్యూనర్ వేడెక్కి సాగుతుంది, ఆపగానే ముడుచుకుంటుంది. 10 మీటర్ల స్టెయిన్‌లెస్ గొట్టం 300 డిగ్రీలు వేడెక్కితే సుమారు 5 సెంటీమీటర్లు పొడుగవుతుంది. అందుకే దాన్ని ఒక చోట బిగించి, మిగతా సపోర్టుల మీద జారేలా పెడతారు. కొన్నేళ్లకి ఆ జారే చోట తుప్పు పట్టేస్తుంది, లేదా ఎవరో పుణ్యాత్ములు "ఊగుతోంది" అని నాలుగు వైపులా వెల్డింగ్ కొట్టేస్తారు. సాగడానికి దారి లేక గొట్టమే పగులుతుంది. కాబట్టి పగులు కనబడగానే దాన్ని పూడ్చేసి వెళ్లిపోవద్దు. సపోర్ట్ జారుతోందా లేదా చూడండి. జారకపోతే మీ వెల్డింగ్ పక్కనే మళ్లీ పగులుతుంది.

చిల్లుల రేకు వెనక శబ్దం పీల్చే దూది ఉంటుంది. రేకు ఒకచోట చిరిగితే జెట్ ఆ దూదినంతా పీకి స్టాక్ పైనుంచి బయటికి ఊదేస్తుంది. చేత్తో తట్టి చూడండి. నిండుగా ఉన్న ప్యానెల్ మెత్తగా 'దబ్' అంటుంది, ఖాళీ అయినది డబ్బాలా మోగుతుంది. పాత కట్టడమైతే ఆ దూదిలో ఆస్బెస్టాస్ ఉందేమో ల్యాబ్‌లో తేల్చుకున్నాకే విప్పాలి. మొత్తం కాంట్రాక్ట్ లెక్కనే మార్చేయగల విషయం ఇది. ప్లానింగ్ దశలోనే నమూనా పంపండి.

మనిషి చెవికి వినబడని, 20 హెర్ట్జ్ కన్నా తక్కువ మోత కూడా ఇక్కడే పుడుతుంది. దూరంగా ఉన్న కిటికీ అద్దాలు గడగడలాడటం దాని పనే. డీట్యూనర్ చివర ఉండే చిల్లుల బుట్ట జెట్‌ను చీల్చి చెదరగొట్టి ఆ మోతను తగ్గిస్తుంది. కొత్త బుట్ట పెట్టేటప్పుడు చిల్లుల మొత్తం వైశాల్యం పాతదానితో సరిపోవాలి. లేకపోతే సెల్‌లో పారే గాలి మారుతుంది, మళ్లీ లెక్క కదులుతుంది.

ఇన్లెట్ వైపు?

శుభ్రం, శుభ్రం, శుభ్రం. ఇక్కడ రాలిన ప్రతిదీ ఇంజిన్ నోట్లోకే పోతుంది. గాలి దారిలో వదులయ్యే నట్టు ఉండకూడదు. కాంక్రీట్ పైపొర పొడి రాలుతుంటే గీకి కోటింగ్ వేయండి.

థ్రస్ట్ స్టాండ్ ముట్టుకోవాలంటే అందరూ ఎందుకంత భయపడతారు?

అది ఎంత సున్నితమో ఒకసారి దెబ్బ తిన్నవాళ్లకే తెలుస్తుంది.

స్టాండ్‌లో రెండు ఫ్రేములు ఉంటాయి. ఒకటి గోడకో పైకప్పుకో గట్టిగా బిగించినది, రెండోది ఇంజిన్‌ను మోసే కదిలే ఫ్రేము. రెంటినీ కలిపేవి ఫ్లెక్సర్లనే పలుచని ఉక్కు పలకలు. కదిలే ఫ్రేము ముందుకు జరిగేది వెంట్రుకవాసే, ఆ తోపును లోడ్ సెల్ కొలుస్తుంది. అంటే కదిలే ఫ్రేము నుంచి నిలకడ ఫ్రేముకి బలం వెళ్లే దారి లోడ్ సెల్ ఒక్కటే అయ్యుండాలి. ఇంకే దారి దొరికినా ఆ మేరకు థ్రస్ట్ దొంగల పాలైనట్టే.

నేను పనిచేసిన ఒక షట్‌డౌన్‌లో కొత్త లోడ్ సెల్స్ పెట్టాం, ఫ్లెక్సర్లు పరీక్షించాం, అన్నీ బాగున్నాయి. ఆఖర్న కాలిబ్రేషన్‌లో బరువు పెంచుతూ పోతే ఒక గీత, దించుతూ వస్తే ఇంకో గీత. రెండూ కలవడం లేదు. ఎక్కడో ఏదో రాసుకుంటోందన్నమాట. లోడ్ సెల్స్ మార్చాం, కేబుళ్లు మార్చాం, ఎక్కడి గొంగడి అక్కడే. మూడో రోజు రాత్రి ఒక సీనియర్ టెక్నీషియన్ టార్చి పట్టుకుని, రెండు ఫ్రేముల మధ్య సందులో వేలు పెట్టి చుట్టూ తడుముకుంటూ వచ్చారు. పైన ఒక మూల ఆయన వేలు ఆగింది. కొత్తగా వేసిన ప్రెషర్ ట్యూబుల కట్ట ఒక ఫ్రేము నుంచి రెండో ఫ్రేముకి దాటే చోట, వదులుగా వంపు తిరిగి ఉండాల్సింది, అందంగా కనబడాలని ఎవరో నైలాన్ టైతో బిగించి కట్టేశారు. నల్లటి టై, చిటికెన వేలంత లేదు. కటింగ్ ప్లయర్‌తో తెంపగానే కట్ట చిన్నగా కిందికి జారింది. మళ్లీ కాలిబ్రేషన్ చేస్తే రెండు గీతలూ ఒకదాని మీద ఒకటి కూర్చున్నాయి.

అప్పటినుంచి నేను ఎక్కడికెళ్లినా ఆ సందు చుట్టూ ఎర్ర రంగు గీత వేయిస్తాను. ఆ గీత దాటే ప్రతి గొట్టానికీ, ప్రతి వైరుకీ లిస్టులో పేరుండాలి. అది కడుతున్నవాళ్లకి ఎందుకు వదులుగా కట్టాలో మనమే దగ్గరుండి చెప్పాలి. తప్పు కట్టినవాళ్లది కాదు, చెప్పనివాళ్లది. అలాగే ఫ్లెక్సర్ మీద కాలు పెట్టి ఎవరూ పైకి ఎక్కకుండా చెక్క పెట్టె కట్టించండి. స్టాండ్ మీద వెల్డింగ్ చేయాల్సి వస్తే ఎర్త్ క్లాంప్ పని జరిగే ముక్కకే పెట్టాలి, ముందుగా లోడ్ సెల్స్ విప్పేయాలి. వాటిలోంచి వెల్డింగ్ కరెంటు పోతే అవి ఇక పనికిరావు.

ఇంధనం లైన్లు కొత్తవే కదా, ఫ్లషింగ్‌కి అన్ని రోజులా?

కొత్తవి కాబట్టే. కోసిన రజను, వెల్డింగ్ గుండ్లు, గుడ్డ పీచులు అన్నీ కొత్త గొట్టంలోనే ఉంటాయి. ఇంజిన్‌కి వెళ్లే హోస్ విప్పి, ఫిల్టర్ దాటించి, మామూలు కన్నా ఎక్కువ వేగంతో ఇంధనాన్ని తిప్పుతాం. మెల్లగా పారితే చెత్త కదలదు. మధ్యమధ్య ఒక తెల్లటి వడపోత కాగితం మీద నమూనా తీసి భూతద్దంతో చూస్తాం. మొదటి కాగితం బూడిదరంగులో, మెరిసే రేణువులతో వస్తుంది. తెల్లగా వచ్చేదాకా ఆపం, తెల్లగా వచ్చాక మళ్లీ ఒకసారి చేస్తాం.

గాల్వనైజ్డ్ గొట్టం, ఇత్తడి వాల్వు జెట్ ఇంధనం దారిలో వాడకండి. రాగి, జింకు ఇంధనంలో కలిస్తే వేడికి అది నిలబడే గుణం తగ్గి, ఇంజిన్ నాజిళ్లలో జిగురు పేరుకుంటుంది. "అదే సైజు, అదే రేటింగ్" అంటూ ఆఖరి నిమిషంలో ఇత్తడి వాల్వు తెచ్చి బిగించడం అన్ని సైట్లలోనూ జరిగేదే. చేతిలో అయస్కాంతం పెట్టుకుని తిరిగినా అది దొరకదు, కంటితోనే చూడాలి. ఇక నెలల తరబడి నిలవ ఉన్న ట్యాంకు అడుగున నీళ్లు చేరితే అందులో సూక్ష్మజీవులు పెరుగుతాయి, ఫిల్టర్లు మూసుకుపోతాయి. షట్‌డౌన్ అంతా వారం వారం అడుగునీళ్లు తీయించండి.

కంట్రోల్ రూంలో కంప్యూటర్లు మారుస్తున్నాం. వైరింగ్ పాతదే వాడొచ్చా?

వాడొచ్చు, కానీ ప్రతి వైరునీ ఆ చివర నుంచి ఈ చివర దాకా నిరూపించుకున్నాకే. వేడిని కొలిచే థర్మోకపుల్స్ దగ్గర మరీ జాగ్రత్త. అమెరికన్ రంగుల పద్ధతిలో కే టైప్ అనే రకం థర్మోకపుల్ వైరులో పసుపు పాజిటివ్, ఎరుపు నెగెటివ్. ఎలక్ట్రీషియన్లకి ఎరుపు అంటే పాజిటివ్ అని చెయ్యి అలవాటు పడి ఉంటుంది. అంతర్జాతీయ ప్రమాణమైన ఐఈసీ పద్ధతిలో అదే కే టైప్ ఆకుపచ్చ (పాజిటివ్), తెలుపు (నెగెటివ్). పాత సెల్‌లో రెండు రకాలూ కలిసి ఉంటాయి. మధ్యలో ఎక్కడో మామూలు రాగి వైరు అతికిస్తే, ఆ అతుకుల దగ్గర వేడిని బట్టి రీడింగ్ తప్పు చూపిస్తుంది. పొద్దున ఒకలా, మధ్యాహ్నం ఒకలా.

కాబట్టి సిమ్యులేటర్‌ని (సెన్సర్ బదులు తెలిసిన సిగ్నల్ పంపే పరికరం) ప్యానెల్ దగ్గర కాకుండా సెన్సర్ ఉండే చోటే తగిలించి, స్క్రీన్ మీద అంకె చూడాలి. వందల ఛానెళ్లుంటాయి, విసుగొస్తుంది. ఇద్దరు మనుషులు, రెండు రేడియోలు, ఒక్కో ఛానెల్‌కి ఒక సంతకం. ఇంతకన్నా దగ్గరి దారి నాకు కనబడలేదు. వీలైతే పాత కంప్యూటర్‌ను వెంటనే పీకేయకుండా, కొన్ని రన్లు రెండింటినీ పక్కపక్కన నడిపి చూడండి. ఎమర్జెన్సీ స్టాప్ మాత్రం సాఫ్ట్‌వేర్ మీద ఆధారపడకూడదు. బటన్ నొక్కితే ఇంధనం వాల్వు నేరుగా మూసుకోవాలి.

ఆల్టిట్యూడ్ టెస్ట్ సెల్‌కి కూడా ఇదేనా?

కాదు, అది ఇంకో లోకం. ఆకాశంలో ఉండే పలుచని, చల్లని గాలిని నేల మీదే తయారుచేసే చోటు అది. సెల్ కన్నా దాని వెనకున్న ఫ్యాక్టరీ పెద్దది. గాలిని తోసే కంప్రెసర్లు, ఆరబెట్టేవి, చల్లబరిచేవి, వెనక నుంచి లాగేసే ఎగ్జాస్టర్లు, వేడి పొగను చల్లార్చే నీటి కూలర్లు. షట్‌డౌన్‌లో సగం పైన పని ఈ యంత్రాల మీదే ఉంటుంది.

ఇలాంటివి చాలా ఏళ్లు బతుకుతాయి. అమెరికాలో టెనెసీలోని ఆర్నాల్డ్ వైమానిక దళ పరీక్షా కేంద్రాన్ని 1951లో అధ్యక్షుడు ట్రూమన్ ప్రారంభించారు. అక్కడి ఇంజిన్ టెస్ట్ కేంద్రానికి యంత్రాలు రెండో ప్రపంచ యుద్ధం తర్వాత మ్యూనిక్‌లోని బీఎండబ్ల్యూ పరీక్షా కేంద్రం నుంచి విప్పి తెచ్చినవి. నాసా గ్లెన్ పరిశోధనా కేంద్రంలో ప్రొపల్షన్ సిస్టమ్స్ ల్యాబొరేటరీ మొదటి రెండు సెల్స్ 1952లో పని మొదలుపెడితే, 2009లో వాటిని కూల్చారు. తర్వాత కట్టిన సెల్స్‌లో ఒకదానికి ఆకాశంలోని మంచు స్ఫటికాల్ని సృష్టించే ఏర్పాటు చేర్చి, 2013లో ఇంజిన్ నడిపి చూశారు. పాత గోడల్లో కొత్త పని చేయించడమంటే ఇదీ.

తెరిచి చూస్తే లిస్టులో లేని పని బయటపడింది. ఏం చేయాలి?

ఎప్పుడూ బయటపడుతుంది. కాబట్టి విప్పే పనులన్నీ మొదటి వారంలోనే పూర్తిచేయండి. బాగుచేసే పని ఆలస్యమైనా ఫర్వాలేదు, తెరవడం ఆలస్యం కాకూడదు. ఐదో వారంలో కనబడిన పగులు తేదీని మింగేస్తుంది. బయటపడిన ప్రతిదాన్నీ మూడు ప్రశ్నలతో చూస్తాను. మనిషికి ప్రమాదమా? ఇంజిన్‌కి ప్రమాదమా? కొలతకి ప్రమాదమా? మూడింటికీ 'కాదు' అని వస్తే వచ్చే షట్‌డౌన్‌కి రాసిపెడతాను.

తేదీ దగ్గరపడింది, పనులు మిగిలాయి. ఏవి కుదించుకోవచ్చు?

పెయింటు, సైన్‌బోర్డులు, నడకదారి టైల్స్. కుదించకూడనివి ఫ్లషింగ్, థ్రస్ట్ కాలిబ్రేషన్, ఎమర్జెన్సీ స్టాప్ పరీక్ష. టెన్షన్‌లో ఉన్నప్పుడు ముందు నరికేది ఈ మూడింటినే. షెడ్యూల్‌లో ఇవి ఆఖర్న ఉంటాయి కాబట్టి మిగిలిన రోజులన్నీ వీటిలోంచే పోతాయి. అందుకని వీటికిచ్చిన రోజుల్ని మొదట్నుంచే తాళం వేసి, ప్రాజెక్ట్ మేనేజర్ ఒక్కరే తీయలేని విధంగా పెట్టించండి.

అన్నీ అయ్యాక పాత దిద్దుబాటు అంకెలే వాడేయొచ్చా?

గాలి దారి, స్టాండ్, కొలత వ్యవస్థ, ఈ మూడింట్లో ఏది మారినా కుదరదు. పనితీరు ముందే తెలిసిన ఇంజిన్ ఒకటి తెచ్చి ఈ సెల్‌లో నడిపి, ప్రామాణిక సెల్‌లో వచ్చిన అంకెలతో పోల్చాలి. దీన్నే కోరిలేషన్ అంటాం. అమెరికా విమానయాన సంస్థ ఎఫ్ఏఏ సలహా పత్రం ఏసీ 43-207, ఇంజినీర్ల ప్రమాణాల సంస్థ ఎస్ఏఈ వాళ్ల ఏఆర్‌పీ 741 రెండూ దీని గురించే. ఇంజిన్ తయారీదారు చెప్పే షరతులు వీటికి అదనం.

పోల్చేటప్పుడు అన్నీ ప్రామాణిక రోజుకి, అంటే 15 డిగ్రీలు, 101.325 కిలోపాస్కల్స్‌కి మార్చుకోవాలి. గాలిలో తేమ ఎక్కువున్నా, వానలోనూ, గాలి విసురుగా ఉన్నా కోరిలేషన్ రన్ చేయకండి. వచ్చిన దిద్దుబాటు పాతదానికి చాలా దూరంగా ఉంటే సంతకం పెట్టేయకండి. లెక్కతో ఆ తేడాను కప్పేయొచ్చు, కానీ లోపల ఇంకో నైలాన్ టై ఉన్నట్టే అనుకుని వెతకండి.

మొదటిసారి ఇంజిన్ ఎలా స్టార్ట్ చేస్తారు?

ఖరీదైన, కొత్త ఇంజిన్‌తో కాదు. ముందు సెల్ అంతా ఊడ్చి, మోకాళ్ల మీద కూర్చుని టార్చి నేలకి ఆనించి చూస్తాం. అలా వాలుగా వెలుగు పడితే చిన్న వాషర్‌కి కూడా పొడుగు నీడ వస్తుంది. పనిముట్ల లెక్క సరిచూస్తాం. మొదటి రోజు వేసిన బ్లైండ్ ప్లేట్లన్నీ నంబరు ప్రకారం బల్ల మీద పేర్చి, లిస్టుతో పోలుస్తాం. ఒక్కటి తక్కువైనా ఆ రోజుకి అంతే.

తర్వాత ఇంధనం లేకుండా స్టార్టర్‌తో తిప్పుతాం. ఆపి, ఇంధనం ఇచ్చి, నిప్పు పుట్టించకుండా తిప్పుతాం. లీకులు చూస్తాం. అప్పుడు స్టార్ట్ చేసి ఐడిల్‌లో ఐదు నిమిషాలు ఉంచి ఆపేస్తాం. ఎమర్జెన్సీ స్టాప్ కూడా ఐడిల్ దగ్గరే నిజంగా నొక్కి చూస్తాం. ఆ తర్వాతే మెట్టు మెట్టుగా పైకి. ప్రతి మెట్టు దగ్గరా ఇంజిన్ నోటి ముందు నేల మీద సుడి లేస్తుందేమో కెమెరాలో చూడటానికి ఒకరు ఉంటారు. పక్కల నుంచి పారే గాలి చాలకపోతే ఆ సుడి పుడుతుంది, నేల మీది చెత్తను ఇంజిన్‌లోకి లాగుతుంది.

ఫుల్ పవర్ అయి ఇంజిన్ చల్లబడ్డాక అందరం కలిసి డీట్యూనర్‌లోకి నడుస్తాం. కొత్త వెల్డింగ్ గీతల మీద చేత్తో నిమిరి చూస్తాం. జారే సపోర్టుల దగ్గర ముందురోజు గీసిన సుద్దగీత చెరిగి, లోహం కొత్తగా మెరుస్తుంటే గొట్టం అనుకున్నట్టే సాగిందన్నమాట. ఆ ఫోటో తీసి, తేదీ రాసి రికార్డులో పెడతాం.